క్యాసెట్‌లో పోయిన వేణువు

ఫిబ్రవరి 3, 1985, ఆదివారం

నూలు దుకాణం వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ నెల రోజులుగా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఈరోజు ఒళ్లు మండిపోతోంది కాబట్టి తీశాను. ఈ కోపం సరోజన మీద చూపిస్తే రాత్రి చల్లారిన అన్నమే గతి. రాంచందర్ మీద చూపిస్తే దుకాణానికి రానివ్వడు. కాగితమైతే ఎదురు మాట్లాడదు.

నా వేణువు రికార్డు పాడైపోయింది. పెళ్లయిన ఏడాది కొన్న ఎల్పీ. మొదటి వైపు చివర్లో వేణువు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పోయి, అన్నిటికంటే పైన ఒక స్వరం పట్టుకుని అక్కడే నిలబడుతుంది. వెనకాల చిన్న తాళాలు సన్నగా మోగుతుంటాయి. ఆ చోటు వచ్చినప్పుడల్లా చేతిలో పని పక్కన పెట్టేవాణ్ణి. ఈరోజు పెడితే వేణువు ఎక్కింది, ఎక్కింది, చివరి మెట్టు మీద మాయమైంది. తాళాలైతే అసలు లేనే లేవు. ముల్లు అరగదీసి తినేసింది. అంతే, ఇంకేం కాదు.

సరోజనను పిలిచి వినిపించాను.

"మంచిగనే ఉన్నది గదా" అంది.

ఆమెకు కండెలు చుట్టే రాట్నం చప్పుడు కూడా సంగీతమే. ఆమెను అడగడం నాదే తప్పు.

ఫిబ్రవరి 6

సాయంత్రం మట్టెవాడలో రాంచందర్ దుకాణానికి పోయాను. రికార్డుల మీది పాటలు క్యాసెట్లలోకి ఎక్కించి ఇవ్వడమే అతని పని. ఈ వరంగల్‌లో పాట గురించి నాతో సమానంగా వాదించగలిగేది అతనొక్కడే. అందుకే స్నేహితుడు.

"పాణన్నా, రికార్డు ఎన్నిసార్లు పెడితె గన్నిసార్లు గీసుకపోతది. స్పూల్ టేపు అన్నిట్ల మంచిది, గని ఆ మెషిను ట్రంకుపెట్టెంత ఉంటది, ఇంట్లకెల్లి కదలది. క్యాసెట్ చెయ్యి. చంకల పెట్టుకోని యాడికన్న పోవచ్చు" అన్నాడు.

క్యాసెట్లలో కూడా రకాలు. సీ-నైంటీ అయితే ఎల్పీ మొత్తం ఒక్క వైపే పడుతుంది, కానీ టేపు పలచన. సీ-సిక్స్టీ టేపు దళసరి, కానీ మధ్యలో తిప్పి పెట్టుకోవాలి. నడుమ లేచి తిప్పడం నాకు నచ్చదు. సీ-నైంటీ చెయ్యమన్నాను.

ఫిబ్రవరి 11

సీ-నైంటీ వచ్చింది. దుప్పటి కప్పుకుని వింటున్నట్టు ఉంది. పలచన టేపు మరి, ఎట్లా ఉంటుంది.

ఫిబ్రవరి 12

మళ్లీ విన్నాను. లేదు.

ఫిబ్రవరి 20

సీ-సిక్స్టీ చేయించాను. దానిలోనూ అదే కథ. టేప్ రికార్డర్ హెడ్డు మురికి పట్టిందేమోనని స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను. నల్లగా వచ్చింది. ఇంత మురికి ఉంటే స్వరం ఎట్లా దాటుతుంది! దొంగ దొరికాడని సంబరపడి మళ్లీ పెట్టాను. దొంగ దొరకలేదు.

తుడుస్తుండగా సరోజన వచ్చి ఎదురుగా నిలబడింది.

"మూడుసార్ల సంది పిలుస్తాన, ఇనవడ్తలేదా? బువ్వ తిందువు రా."

పనిలో మునిగితే నాకు లోకం గుర్తుండదు. మా నాయన కూడా అంతే.

ఫిబ్రవరి 27

ఈరోజు మా కరెంటు మగ్గాల షెడ్డులో ఉప్పలయ్య కాకను చూసి అందరం నవ్వాం. నా పక్క సాంచాలు ఆయనవే. షెడ్డు ఆసామి వచ్చి పడుగు చుట్టే బీము మార్చమని చెబితే ఆయన చిరునవ్వు నవ్వి, తల ఊపి, మళ్లీ తన పని తను చేసుకున్నాడు. ఏది చెప్పినా అట్లాగే తల ఊపుతాడు. జీవితమంతా సాంచాల మోతలోనే గడిచింది పాపం, చెవులు పూర్తిగా పోయాయి. నేను ఆయనలాగా తల ఊపి చూపిస్తే నూలు మోసేవాళ్లు పొట్ట పట్టుకున్నారు.

ఆయన చాలా పాతవాడు. నేను సాంచాల మీదికి వచ్చి అంత కాలం కాలేదు.

మార్చి 10

నా బామ్మర్ది రామలింగం దుబాయ్ నుంచి వచ్చాడు. అందరికీ చీరలు, సబ్బులు తెచ్చాడు. నాకు మాత్రం జేబులో పట్టే టేపు తెచ్చాడు. చెవుల మీద పెట్టుకునే రెండు మెత్తటి బిళ్లలు, వాటికో తీగ. పెట్టుకుంటే పాట తలలోపలే మోగుతుంది! ఇంకా క్రోమ్ క్యాసెట్లు కూడా ఇచ్చాడు. మామూలు టేపులో పట్టని సన్నటి స్వరాలు దానిలో పడతాయట. రామలింగాన్ని కౌగిలించుకున్నాను. వాడు సిగ్గుపడ్డాడు.

"బావా, నీకు చీర తెచ్చినా గింత సంతోషపడకపోదువు" అన్నాడు.

మార్చి 12

పాకెట్ టేపును షెడ్డుకు తీసుకుపోయాను. సాంచాల మోత మీద పాట వినాలంటే సౌండ్ గుండీ చివరిదాకా తిప్పాలి. తిప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి సాంచా ముందు నిలబడి పాట విన్నాను. పోగు తెగితే కంటితో కనబడుతుంది, దానికి చెవి అవసరం లేదు. పొద్దంతా ఎట్లా గడిచిందో తెలియలేదు. ఇంటికి పోతుంటే కాళ్లు నేల మీద లేవు.

సాయంత్రం నుంచి చెవుల్లో ఎవరో ఈల వేస్తున్నట్టుంది. కొత్త వస్తువు కదా, అలవాటు కావాలి.

మార్చి 22, ఉగాది

క్రోమ్ క్యాసెట్‌లో ఎక్కించిన వేణువును పండుగ పూట అందరికీ వినిపించాను. పెద్ద టేపులో పెట్టి, సన్నటి స్వరాల గుండీని చివరిదాకా తిప్పాను. వేణువు పైకి పోతుండగానే సరోజన కొంగుతో చెవులు మూసుకుంది.

"జర తగ్గియ్యయ్యా! చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది!"

రామలింగం కూడా పచ్చడి గిన్నె పట్టుకుని బయటికి నడిచాడు. నాకైతే ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నట్టు అనిపించింది. ఇంకొంచెం సన్నదనం ఉంటే చాలు. వీళ్లవి నాటు చెవులు.

మార్చి 29

ఈల ఇంకా తగ్గలేదు.

ఏప్రిల్ 2

హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా సన్నటి స్వరాలు పోతాయని రాంచందరే ఒకసారి చెప్పాడు. గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి తిప్పాను. కుడికి తిప్పితే మందంగా ఉంది. ఎడమకు తిప్పితే ఇంకా మందంగా ఉంది. మళ్లీ కుడికి. ఇప్పుడు కొంచెం వచ్చింది. తాళాలు కూడా లీలగా వినబడ్డాయి. వినబడ్డాయనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 3

రాలేదు. మొదట స్క్రూ ఎక్కడ ఉండేదో కూడా మరిచిపోయాను.

ఏప్రిల్ 14

ఈరోజు జరిగింది రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

రాంచందర్ దుకాణంలో మనుషులున్నారు. నేను పోయి రికార్డు, క్రోమ్ క్యాసెట్ రెండూ బల్ల మీద పెట్టి, "నా మంచి టేపు ఉంచుకుని నాకు నాసిరకం ఇచ్చినవా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేదాకా నేను అట్లా అనుకుంటున్నానని నాకే తెలియదు.

అతను కోప్పడలేదు. నా రికార్డును తన మెషిన్ మీద పెట్టాడు. క్యాసెట్‌ను పక్క మెషిన్‌లో పెట్టాడు. రెండూ ఒకేసారి నడిపి, ఒక మీట అటూ ఇటూ తిప్పుతూ, ఒకసారి ఇది, ఒకసారి అది వినిపించాడు.

"ఇగో రికార్డు. ఇగో క్యాసెట్. ఏమన్న ఫరక్ ఉన్నదా, మీరే చెప్పున్రి" అని అక్కడున్న వాళ్లను అడిగాడు.

"ఒక్కతీర్గనే ఉన్నయి" అన్నారు.

అంతలో ఆ చోటు వచ్చింది. నాకు తెలుసు, ఎన్ని వందలసార్లు విన్నానో. నాకు వేణువు ఆగిపోయింది. కానీ దుకాణంలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి తల ఎత్తారు. బీడీ కట్ట కొనుక్కుని దారిన పోతూ ఆగిన ముసలాయన కళ్లు మూసుకున్నాడు. ఆ స్వరం వాళ్ల ముఖాల్లో కనబడింది. నేను దాన్ని చూశాను, వినలేదు.

"మీరందరు ఒక్కటై నన్ను పిచ్చోన్ని జేస్తాండ్రు" అని రెండూ అక్కడే వదిలేసి వచ్చేశాను. రాంచందర్ మెట్లు దిగి పిలిచాడట. సరోజనకు ఎవరో చెప్పారు. నాకైతే పిలుపు వినబడలేదు. బజారులో రద్దీ ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 15

దుకాణాలకు సోమవారం రద్దీ. నిన్న ఆదివారం.

ఏప్రిల్ 30

రికార్డు వినడం లేదు. క్యాసెట్ వినడం లేదు. షెడ్డులో మాత్రం పాకెట్ టేపు పెట్టుకుంటున్నాను. దానిలో డోలు, తబలా ఉన్న క్యాసెట్లే పెడుతున్నాను. అవి బాగానే వినబడతాయి. వేణువు మీద మనసు పోయింది, అంతే. మనిషన్నాక ఇష్టాలు మారుతుంటాయి.

మే 7

సరోజన పడింది. పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర పాచి పట్టి ఉంది, కాలు జారింది. మడమ వాచి కుండంత అయింది. పక్కింటి కట్టమ్మ గోడ మీదుగా చూసి, పరుగెత్తుకొచ్చి లేపింది. నేను ముందుగదిలో టేపు విప్పుకుని కూర్చున్నాను. కట్టమ్మ వచ్చి భుజం పట్టి ఊపేదాకా నాకు తెలియదు.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఆమె మొత్తుకున్న మొత్తుకుడు మా ఇంట్ల ఇనవడ్డది. నువ్వు గోడకు ఇవుతలనే ఉన్నవ్!"

అప్పుడు చెవుల్లో పాకెట్ టేపు ఉంది. అందుకే వినబడలేదు.

మే 8

చెవుల్లో లేదు. బ్యాటరీలు అయిపోతే నిన్న పొద్దున్నే అలమారలో పెట్టాను. కరెంటు కూడా లేదు. వాడలో ఒక్క సాంచా నడవలేదు.

మే 9

ఈరోజు పనికి పోలేదు. సరోజన మంచం మీద ఉంది, పసుపు కట్టు కట్టాను. వంట నేనే చేశాను. పప్పు అడుగంటింది. ఆమె అదే తిని, గిన్నె పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాకు ఎర్కే" అంది.

"ఏమెర్క?"

"నీ చెవుల సంగతి. రెండేండ్ల సంది ఎర్కే. నీ ముంగటికొచ్చి నిలవడి మాట్లాడ్తాన గదా, ఎన్కకెల్లి మాట్లాడ్తె నువ్వు పలుకవు. సైకిల్ గంట కొట్టినా జరగవు. మొన్న బజార్ల నేనే నిన్ను పక్కకు గుంజిన. నువ్వు చెప్పుల కేసి చూసినవ్, తెగినయేమో అని."

నాకు కోపం వచ్చింది. అంతకంటే ముందు భయం వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను. అరిచాను.

"రెండేండ్ల సంది ఎర్కుంటె ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఇంటివా? నీది చెవి బాగలేదంటె టేపు బాగలేదంటవ్. టేపు మార్చినవ్, క్యాసెట్ మార్చినవ్, ముల్లు మార్చినవ్. ఇంట్ల ఉన్న సామాన్లన్ని మార్చినవ్. ఇగ నన్నొక్కదాన్నే మార్చలే. ఉప్పలయ్య లెక్క అయితనని నీకు బుగులు. నాకు లేదా బుగులు? మొన్న గా బండ మీద పడి నేను మొత్తుకున్నది కాలు నొప్పికి కాదు. ఇంత మొత్తుకున్నా నువ్వు వస్తలేవని మొత్తుకున్న."

అప్పుడు ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. చాలాసేపటి తర్వాత ఆమె ఏదో అంటే నేను "ఆఁ?" అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మే 20

ఈరోజు సుబేదారికి పోయాం. చెవుల డాక్టర్ కిషన్ రావు అక్కడ ఉంటాడని కట్టమ్మ చెప్పింది. నేనొక్కడినే పోతానంటే సరోజన వినలేదు. కాలు ఈడ్చుకుంటూ రిక్షా ఎక్కింది. "నువ్వు పోయి డాక్టర్ ఏదో చెప్తె తల ఊపొస్తవ్" అంది.

డాక్టర్ పెద్దాయన. మాట తక్కువ. నేను నోరు తెరవకముందే అడిగాడు.

"సాంచాల మీద పనిజేస్తవా?"

"మీకెట్ల తెలుసు సార్?"

"నా కండ్లల్లకు చూస్తలేవు. నా పెదవులు చూస్తున్నవు."

తర్వాత నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. రెండు కొమ్ముల ఉక్కు కడ్డీలు ఉన్నాయి ఆయన దగ్గర, పెద్దవీ చిన్నవీ. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెడతాడు. వినబడితే చెయ్యి ఎత్తాలి. పెద్ద కడ్డీ గుమ్మని మోగింది, ఎత్తాను. ఇంకోటి, ఎత్తాను. తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఏమీ లేదు. ఆయన ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే చిన్న కడ్డీ నా ఎడమ చెవి పక్కనే ఉంది. అది వణుకుతోంది. కంటికి కనబడుతోంది. గుమ్మం దగ్గర కూర్చున్న సరోజన దాన్ని వింటోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అదే నా వేణువు పోయిన చోటని అప్పుడు అర్థమైంది. రికార్డులో ఉంది. క్యాసెట్‌లో ఉంది. సీ-నైంటీలో కూడా ఉంది.

డాక్టర్ కాగితం మీద రాస్తూ నెమ్మదిగా, నా ముఖానికి ఎదురుగా చెప్పాడు. సాంచాల మోతకు లోపల సన్నటి స్వరాలు వినే నరాలే ముందు చచ్చిపోతాయట. పోయినవి రావట. ఎడమ చెవి ఎక్కువ పోయింది, ఎందుకంటే నేను నిలబడే చోట పెద్ద సాంచాలు ఎడమవైపే ఉన్నాయి. కుడి చెవి సగం బాగుంది.

"ఉన్నదైనా ఉంటదా సార్?"

"మోతల నుంచి బయటికి వస్తె ఉంటది. ఆ చెవుల బిళ్లలు పెట్టుకోని మోత మీద మోత పోస్తె ఉండది."

పాకెట్ టేపు సంగతి సరోజనే చెప్పేసింది. నాకేం అడగాలో తెలియక, "ఏ క్యాసెట్ వాడాలె సార్?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన నవ్వలేదు.

"క్యాసెట్లన్ని మంచియే. పని మార్చుకో" అన్నాడు.

మే 21

ఉన్నదైనా ఉంటుంది. ఉన్నదైనా ఉంటుంది.

మే 26

పని మార్చుకోమని చెప్పడం డాక్టర్‌కు ఎంత తేలిక! సాంచాలు కాకపోతే నాకు ఏం వచ్చు? మా నాయన చేతిమగ్గం అమ్మేసి, పెద్ద పట్నం పనిలో పెట్టినట్టు గర్వంగా నన్ను సాంచాల షెడ్డులో పెట్టాడు. ఇప్పుడు దిగివచ్చి ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? చెవుల్లో దూది పెట్టుకుని ఇదే పని చేస్తే చాలదా? దూది పెట్టుకుంటాను. రేపటి నుంచి.

మే 27

దూది పెట్టుకుంటే ఆసామి నవ్వాడు. "చెవులల్ల పూలు పెట్టుకున్నవేందిరా" అన్నాడు. దూదిలోంచి కూడా మోత వస్తూనే ఉంది. పాదాల్లోంచి వస్తుంది.

జూన్ 4

పగటి విరామంలో ఉప్పలయ్య కాక పక్కన కూర్చున్నాను. ఆయన ముఖానికి ఎదురుగా, నోరు బాగా తెరిచి, నా చెవుల సంగతి చెప్పాను. ఆయన తల ఊపలేదు. నా చెవిలోని దూది వేలితో తాకి చూశాడు.

"నాకు ఎవ్వలు చెప్పలే తమ్మీ. చెప్పెటోళ్లు ఉండె గావచ్చు, ఇనెటందుకు నాకే చెవుల్లేకపాయె. నా మనుమరాలు మాట నేర్సింది. తాత అంటదట. అందరు ఇన్నరు." దూదిని నా చెవిలోకి సర్ది, "నువ్వు పో. ఇంకా నిలవడకు" అన్నాడు.

ఆయనలాగా తల ఊపి నవ్వించిన రోజు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. చెయ్యి పట్టుకుంటే ఆయనే నా వీపు నిమిరాడు.

జూన్ 9

కొత్తవాడలో జంపఖానాలు నేసే సంఘం ఉంది. అక్కడ అన్నీ చేతిమగ్గాలే. సరోజన కుంటుకుంటూ పోయి కనుక్కుని వచ్చింది. నాతో చెప్పకుండానే!

"పెద్ద జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూసోని నెయ్యాలెనట. ఆలుమగలను పెట్టుకుంటరట. ఒకటో తారీకుకు రమ్మన్నరు. నేనైతె వస్తనని చెప్పిన. నీది నువ్వు చూసుకో."

"నేను రానంటె?"

"వేరే మొగన్ని పక్కన కూసోవెట్టుమంట" అంది.

జూన్ 16

రాంచందర్ ఇంటికొచ్చాడు. నేనే పోవలసింది. గుమ్మంలో నిలబడి చేతిసంచీ చూపించాడు. వదిలేసి వచ్చిన నా క్రోమ్ క్యాసెట్, నా రికార్డు.

"తప్పయింది రాంచందర్" అన్నాను. ఎదురుగా చెప్పాను, నేల చూడకుండా. డాక్టర్ చెప్పిందంతా చెప్పాను.

అతను చాయ్ తాగాడు. ఆ తర్వాత అతనిలోని దుకాణదారు మేల్కొన్నాడు.

"అయితె నీకు క్రోమ్ దండుగ. నువ్వు ఇననియి పట్టెటందుకే దానికి గంత పేరు. స్పూల్ కూడ దండుగ. మామూలు సీ-సిక్స్టీ చాలు. దళసరి టేపు, యాడ పడేసినా ఖరాబు గాదు. గని అందుల ఏం నింపాలెనో నేను చూస్త."

జూన్ 22

రాంచందర్ నిజంగానే చూశాడు. వారం రోజులు తన రికార్డులన్నీ వెతికాడట. వీణ కింది తీగలు, మృదంగం, గంభీరమైన మగ గొంతులు, మంద్రంలోనే తిరిగే వేణువు ఒకటి. అన్నీ ఒక సీ-సిక్స్టీలో నింపి తెచ్చాడు. టేపులో పెట్టాను. మసకగా లేదు. దుప్పటి లేదు. ప్రతిదీ నా ముందే కూర్చుని వాయిస్తున్నట్టుంది. చెడిపోయిన స్క్రూను అతనే సరిచేశాడు, సరోజనను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ బాగుందో ఆమెను అడుగుతూ.

ఇంత సంగీతం కిందే ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఎప్పుడూ పైన ఆ ఒక్క స్వరం కోసమే చూస్తూ కూర్చున్నాను. అది పోయినందుకు బాధ లేదని రాయను. ఉంది.

జూన్ 23

పాకెట్ టేపు రామలింగానికి ఇచ్చేశాను. వాడు తిరిగి దుబాయ్ పోతున్నాడు. క్రోమ్ క్యాసెట్ కూడా ఇచ్చాను. "విమానంల వినురా. తక్కువ సౌండ్ పెట్టుకో" అని చెప్పాను. నా నోట్లోంచి ఆ మాట రావడం చూసి సరోజన పడీపడీ నవ్వింది.

జూన్ 29

ఆసామికి చెప్పేశాను. నా సాంచాలు ఎవరికి ఇస్తాడో అడగలేదు.

జూలై 1, సోమవారం

సంఘంలో మొదటి రోజు. మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. షెడ్డు పెద్దమనిషి పెద్దులు బాపు ఎవరెక్కడ కూర్చోవాలో చూపించాడు.

"ఆడామె ఎడమకు. పీటల మీద ఎట్లనో మగ్గం మీద గట్లనే. మా నాయన కాలం సంది గదే పద్ధతి" అన్నాడు.

సరోజన నా ఎడమకు కూర్చుంది. ఒక్కమాట అనలేదు. నేనూ అనలేదు. కొత్త చోటు, అందరూ చూస్తున్నారు, మొదటి రోజే ఏం పేచీ పెడతాం అనుకున్నాను. పని మొదలుపెట్టాం. చేతులు పాత విద్యను తొందరగానే గుర్తు చేసుకున్నాయి. షెడ్డులో ఎంత నిశ్శబ్దమంటే, అటు చివర ఎవరో తుమ్మితే నాకు వినబడింది. మగ్గాల దగ్గర జంటలన్నీ కబుర్లు చెప్పుకుంటూ నేస్తున్నాయి. అట్లా మాట్లాడుకుంటూ నేస్తారని నాకు తెలియదు.

కాసేపటికి సరోజన ముఖం నా వైపు తిరిగి ఉండటం గమనించాను. పెదవులు కదిలి ఆగిపోయాయి. ఏదో అంది. నేను "ఆఁ?" అన్నాను. మళ్లీ అంది. పక్క మగ్గం ఆమె మావైపు చూసింది. సరోజన ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి పోగు వేసుకుంది. ఆ చెయ్యి ఊపడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఇంత మోత వదిలేసి వచ్చింది ఇందుకేనా? ఇక రోజంతా, సంవత్సరమంతా, ఆమె అట్లా చెయ్యి ఊపుతూనే ఉంటుందా?

లేచి నిలబడ్డాను. ఇప్పటికీ నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు.

"పెద్దులు బాపూ! మా ఆమెను కుడికి కూసోవెట్టాలె. నా ఎడమ చెవి పోయింది. సాంచాల మీద పోయింది. కుడి చెవి సగం ఉన్నది."

షెడ్డు షెడ్డంతా ఆగింది. ఒక్క మగ్గం కదల్లేదు. అందరి ముఖాలూ మావైపు తిరిగాయి. ఏ మాట ఎవరి నోటా రాకూడదని ఇన్నాళ్లూ సామాన్లన్నీ మార్చుకుంటూ వచ్చానో, ఆ మాట నేనే అంతమంది ముందు అరిచి చెప్పాను. కానీ ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు.

పెద్దులు బాపు వచ్చి నా ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు, తల గోక్కున్నాడు.

"గా ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దారా! లే బిడ్డా, కుడికి రా" అని తనే ఆమె కూర్చునే పీట తీసి ఇటువైపు వేశాడు.

సరోజన వచ్చి కూర్చుంది. చీర సర్దుకుంది. కొంగు నడుముకు చెక్కుకుంది. మగ్గాలన్నీ మళ్లీ మొదలయ్యాయి. పని చేస్తూనే, తల తిప్పకుండా, నా వైపు కొంచెం వంగి, అందరు పెళ్లాలూ మొగుళ్లతో మాట్లాడే మామూలు గొంతుతో ఒక మాట అంది. నేను జవాబు చెప్పాను.

ఏమందో ఇక్కడ రాయను. ఒక్కసారే అంది.